మీకు తెలుసా? రేబిస్‌కు సబ్బంటే పడదు

రేబిస్ వైరస్‌ను మామూలు ఒంటిసబ్బు దెబ్బతీయగలదు. ఆ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బు నురగ దాన్ని కరిగించేస్తుంది. అందుకే కుక్క కరిచినా, పన్ను గీసుకున్నా వెంటనే సబ్బు రాసి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బడి పంపు దగ్గర రెండో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన పని ఇది. కారం, సున్నం అద్దే అలవాటు మాత్రం మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. వాటితో గాయం రేగడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

కడిగాక టీకాకు వెళ్లాల్సిందే. రక్తం వచ్చిన గాటైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా ఎక్కించాలి.

రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో దాదాపు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలే. తిడతారనో, సూదికి భయపడో ఇంట్లో చెప్పని వాళ్లూ ఉంటారు. బొడ్డు చుట్టూ 14 సూదులని తాతలు చెప్పే కథ ఒకప్పుడు నిజమే. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ టీకా తయారీ మన దేశంలో 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పుడు బడిపిల్లలకు వేసేది భుజానికి, అదీ నాలుగైదు విడతలే.