చల్లని పైకప్పు మీద సౌరఫలకం: ఏది ముందు, ఏది తరువాత?

వేసవి మధ్యాహ్నం చదునైన పైకప్పు గల భవనాల్లో, పై అంతస్తులోని ఎయిర్ కండిషనర్ బయటి గాలితో కంటే నెత్తిమీది కాంక్రీటుతోనే ఎక్కువగా పోరాడుతుంది. పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ వేడిని పొద్దుపోయే వరకూ గదిలోకి వదులుతూనే ఉంటుంది. అదే కప్పుపై సౌరఫలకాలు అమర్చి కరెంటు ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన ఇప్పుడు దుకాణదారుల్లోనూ గోదాముల యజమానుల్లోనూ కనిపిస్తోంది. ఆలోచన మంచిదే. అయితే కప్పును సరిచేయకుండా ఫలకాలు బిగిస్తే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు పెట్టవలసి వస్తుంది.

చల్లని పైకప్పు వల్ల కలిగే లాభాన్ని హైదరాబాదులోనే కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు నగరంలోని వాణిజ్య భవనాలపై జరిపిన అధ్యయనం 2012లో ప్రచురితమైంది. నల్లని కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, పూత లేని కాంక్రీటుకు తెల్లపూత వేస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అవుతాయని తేలింది. శీతలీకరణకు వాడే విద్యుత్తులో ఇది మొదటి సందర్భంలో 14 నుంచి 26 శాతం, రెండవ సందర్భంలో 10 నుంచి 19 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దీనిని తప్పనిసరి చేసింది.

తెల్లపూత రెండు పనులు చేస్తుంది. ఎండను వెనక్కి పంపుతుంది. గ్రహించిన కాస్త వేడినీ త్వరగా ఆకాశంలోకి విడుస్తుంది. శ్లాబుపై ఉష్ణనిరోధక పొర కూడా ఉంటే మిగిలిన వేడి లోపలికి దిగడం మరింత కష్టమవుతుంది. పెంకులు పరచి సున్నం పూసిన మన పాత మిద్దెల వెనుక ఉన్న తర్కమూ ఇంచుమించు ఇదే.

ఇక సౌరఫలకానికి వెలుగు కావాలి, వేడి పనికిరాదు. ఫలకాల సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద లెక్కగడతారు. అంతకుమించి పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. వేసవిలో ఫలకం 60 డిగ్రీలు దాటడం సాధారణమే కనుక పదవ వంతుకు పైగా నష్టం సహజం. కింద చల్లని కప్పు, మధ్య గాలి ఆడే జాగా ఉంటే ఆ నష్టం కొంత తగ్గుతుంది. రెండువైపులా వెలుగును గ్రహించే ఫలకాలకు తెల్లని నేల నుంచి పరావర్తనమయ్యే కాంతి అదనపు లాభం.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. రెండు లాభాలనూ కూడి చూపే వ్యాపార ప్రకటనలను యథాతథంగా నమ్మరాదు. ఫలకం నీడ పడినచోట కప్పు ఎలాగూ కొంత చల్లబడుతుంది. అక్కడ పూత వల్ల వచ్చే ఆదా తక్కువే. వంద చదరపు మీటర్ల కాంక్రీటు కప్పు మొత్తానికి పూత వేస్తే, హైదరాబాదు లెక్కన, ఏడాదికి సుమారు 1,300 యూనిట్లు మిగులుతాయి. కిలోవాటుకు పది చదరపు మీటర్ల చొప్పున సగం కప్పుపై 5 కిలోవాట్ల ఫలకాలు పెడితే, రోజుకు కిలోవాటుకు నాలుగు యూనిట్ల సగటున, ఏడాదికి దాదాపు 7,300 యూనిట్లు వస్తాయి. సంఖ్యలో సౌరవిద్యుత్తుదే పైచేయి. కానీ పూతకయ్యే ఖర్చు చాలా తక్కువ. పైగా ఆకాశం మేఘావృతమైన రోజున కూడా ఉష్ణనిరోధక పొర పని చేస్తూనే ఉంటుంది.

కోల్‌కతా నౌకాశ్రయాన్ని ఆనుకుని ఉన్న వాట్‌గంజ్ వంటి పాత వాణిజ్య ప్రాంతాల్లో అసలు పరీక్ష కప్పు బలానికే. బెంగాల్‌లో ఇటుక ముక్కలు, సున్నం, సుర్కీ కలిపి దిమ్మిస చేసిన ‘జల్‌ఛాద్’ పైకప్పులు ఇప్పటికీ ఉన్నాయి. అటువంటి కప్పుకు రంధ్రాలు చేసి ఇనుప కాళ్లు బిగిస్తే వానాకాలంలో నీరు దిగడం ఖాయం. రంధ్రాలు లేకుండా కాంక్రీటు దిమ్మల బరువుతో ఫలకాలను నిలపవచ్చు. అప్పుడు ఫలకాలు, చట్రాల బరువైన చదరపు మీటరుకు 15 నుంచి 20 కిలోలకు దిమ్మల బరువు కూడా తోడవుతుంది. పాత దూలాలు అంత మోయగలవా అన్నది నిర్మాణ ఇంజినీరే తేల్చాలి. గాలి సంగతి సరేసరి. 2020 మే 20న అంఫన్ తుపాను కోల్‌కతాను, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఎలా కుదిపేశాయో చూసినవారికి ఫలకాల పట్టు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

అందుచేత ముందుగా కప్పు మరమ్మతు, నీటి నిరోధక పూత, ఉష్ణనిరోధక పొర, తెల్లపూత. ఆ తరువాతే ఫలకాలు. ఫలకాలు పాతికేళ్లు మన్నుతాయి. కింది పూత పదేళ్లకే చెడితే వాటన్నింటినీ విప్పవలసి వస్తుంది. దుమ్ము పట్టిన తెల్లదనం పనిచేయదు కనుక ఫలకాలు కడిగిన రోజునే కప్పునూ కడగడం మేలు. అందుకు నడిచే దారి వదలాలి.

వ్యాపారులకు మరో చిక్కు ఉంది. ‘ప్రధానమంత్రి సూర్యఘర్’ రాయితీ ఇళ్లకే పరిమితం. వాణిజ్య భవనాలకు వర్తించదు. పైగా అద్దె భవనాల్లో కరెంటు బిల్లు కట్టేది ఒకరు, కప్పు హక్కుదారు మరొకరు. పెట్టుబడి ఎవరిది, ఆదాలో వాటా ఎంత, అద్దె గడువు ముగిస్తే ఫలకాలు ఎవరికి చెందుతాయన్నది ఒప్పందంలో ముందే రాసుకోవాలి.