రోబోకి వైర్‌లెస్ ఎల్‌ఈడీ లైట్లు పెట్టొచ్చా? ఎఫ్‌ఆర్‌సీ రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఫోన్ యాప్‌తో రంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు ఇప్పుడు చాలా చౌక. గది గోడకి, బైక్‌కి, గేమింగ్ టేబుల్‌కి అంటించేస్తున్నాం. మరి దాన్నే కాంపిటీషన్ రోబోకి అంటిస్తే? 1992 నుంచి జరుగుతున్న హైస్కూల్ పోటీ ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ (ఎఫ్‌ఆర్‌సీ)నే తీసుకుందాం. అక్కడ లైట్లు ఓకే, వైర్‌లెస్ మాత్రం నో.

రోబోకి బయటి నుంచి గానీ, రోబో లోపల ఒక పార్ట్ నుంచి ఇంకో పార్ట్‌కి గానీ ఎలాంటి వైర్‌లెస్ కమ్యూనికేషన్ ఉండకూడదన్నది రూల్. నిర్వాహకులు చెప్పిన అధికారిక రేడియో ఒక్కటే మినహాయింపు. బ్లూటూత్ కూడా కుదరదు. 2025 సీజన్ నుంచి కొత్త రేడియో 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తోంది కదా, మన స్ట్రిప్ 2.4లో ఉంటే ఏంటి నష్టం అని వాదించొచ్చు. కానీ రూల్ బ్యాండ్ చూడదు.

మరి ఐఆర్ రిమోట్ స్ట్రిప్? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎదురుగా ఏముందో కనిపెట్టే ఐఆర్ సెన్సర్లకి, కెమెరాలకి ఈ రూల్ వర్తించదు. అయితే ఆ సెన్సర్ మనిషి ఇచ్చే కమాండ్‌ని అందుకోకూడదు. రిమోట్ నొక్కడమంటే కమాండ్ ఇవ్వడమే కాబట్టి అదీ అవుట్.

ఇంత పట్టుదల దేనికి అంటారా? 2012లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ఛాంపియన్‌షిప్ ఫైనల్స్‌లో రోబోలు మధ్యలోనే కనెక్షన్ పోగొట్టుకుని ఆగిపోయాయి. విచారణలో వేరే సాంకేతిక కారణాలూ బయటపడ్డాయి. కానీ కొన్ని మ్యాచ్‌ల్లో ఒక వ్యక్తి మామూలు స్మార్ట్‌ఫోన్‌తో వై-ఫైలో కావాలనే జోక్యం చేసుకున్నట్టు తేలింది. వారాల తరబడి రాత్రింబవళ్లు కట్టిన రోబో, కొద్ది నిమిషాల మ్యాచ్‌లో బొమ్మలా నిలబడిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రోబో మీద కాదు, పిట్‌లో బ్యానర్‌కి పెట్టుకుంటాం అంటే? అక్కడా సొంత వై-ఫై నెట్‌వర్క్ పెట్టకూడదు. ఫోన్ హాట్‌స్పాట్‌నీ యాక్సెస్ పాయింట్ కిందే లెక్కేస్తారు. ఈఎస్‌పీ32 బోర్డులో డబ్ల్యూఎల్‌ఈడీ వేసి వాడేవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త. ఇంట్లో రౌటర్‌కి కనెక్ట్ అయి బుద్ధిగా ఉండే ఆ బోర్డు, తెలిసిన నెట్‌వర్క్ దొరక్కపోతే డిఫాల్ట్‌గా తనే ఒక వై-ఫై తెరిచేస్తుంది. మీకు తెలియకుండానే రూల్ తప్పినట్టు! ఇంట్లోనే సెట్టింగ్స్‌లో అది ఆపేసి తీసుకెళ్లండి. బ్లూటూత్ దండ పెట్టాలనుకుంటే ముందే ఈవెంట్ వాళ్లని ఒక మాట అడగడం మేలు.

అసలు రోబో లైట్లకి వైర్‌లెస్ అవసరమే లేదు. డబ్ల్యూఎస్2812 స్ట్రిప్‌ని రోబోరియో పీడబ్ల్యూఎం పోర్ట్‌కి కలిపితే డబ్ల్యూపీఐలిబ్ కోడ్‌తోనే నడుస్తుంది. కోడింగ్ తలనొప్పి వద్దనుకుంటే రెవ్ బ్లింకిన్ ఉంది. మీ టీమ్ రెడ్ అలయన్సా, బ్లూ అలయన్సా అన్నది ఫీల్డ్ సిస్టమ్ నుంచే కోడ్‌కి తెలుస్తుంది, రంగు దానంతటదే మారిపోతుంది. నాకైతే షోకి వెలిగే లైట్ల కన్నా, రోబో చేతికి బంతి చిక్కగానే ఆకుపచ్చగా మారి డ్రైవర్‌కి చెప్పే లైటే నచ్చుతుంది.

పవర్ రోబో 12 వోల్టుల బ్యాటరీ నుంచే తీసుకోవాలి. యూఎస్‌బీ పవర్ బ్యాంక్ మినహాయింపు కంప్యూటర్ లాంటి పరికరాల కోసం, లైట్ల కోసం కాదు. అవతలి రోబో కెమెరాని తికమక పెట్టే లైట్లు కూడా నిషేధమే. నారింజ రంగు రోబో సిగ్నల్ లైట్‌కి మీ స్ట్రిప్ అడ్డు రాకూడదు.

రూల్ నంబర్లు, మాటలు ఏటా మారుతుంటాయి. జనవరిలో కొత్త గేమ్ మాన్యువల్ రాగానే రోబో రూల్స్, ఈవెంట్ రూల్స్ రెండూ చదివి, అప్పుడు స్ట్రిప్ ఆర్డర్ పెట్టండి.