భజనమండలికి మైకు



హిందూపురమున మా భజనమండలి స్త్రీలము నెలనెలా చందా కూర్చి, వాట్లసంఖ్యకు మోహపడి పెద్ద స్పీకరును గొంటిమి. తొలినాడే యది కీచుమని కూసెను. మాలో పెద్దవారగు అవ్వగారి పాట యెవరికిని వినబడలేదు. ఆమె మరల మైకు ముందునకు రానొల్లలేదు.

దోషము మాదే. వాట్లు రెట్టింపైనను ధ్వని 3 డెసిబెల్లులే హెచ్చును. స్పీకరునుండి వెడలిన నాదము తిరిగి మైకులో జొచ్చుటచేతనే యా కూత పుట్టును. కావున స్పీకరు పాడువారికి ముందుగా, సభవైపు తిరిగి, శ్రోతల తలలకంటె నెత్తుగ నుండవలెను. ఎదుటి ధ్వనినే మిక్కిలిగా గ్రహించు కార్డియాయిడ్ మైకును నోటికి దగ్గరగా నుంచవలెను. పాటకొకటి, హార్మోనియమునకొకటి, డోలక్కునకొకటి, వీనికొక చిన్న మిక్సరు చాలును, తాళములకు మైకక్కరలేదు. పెనుకొండలోనివంటి రాతిమండపములలో ప్రతిధ్వని మెండు. అచట ధ్వని పెంచినకొలది మాట చెడును. కొనకమున్ను అద్దెకు దెచ్చి, పాడుచోటనే పరీక్షింపుడు.

ధర్మవరమున వేకువనే మగ్గమున గూర్చుండు పొరుగింటివారినిగూడ దలపవలెను. బయలున రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు సాధారణముగా లౌడుస్పీకరు కూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు శాసించుచున్నవి.

మేము క్రొత్తపెట్టె గొనలేదు. మంచి మైకొకటి మాత్రము గొని, స్పీకరును ముందునకు జరిపితిమి. మొన్నటి యేకాదశినాడు అవ్వగారు మరల పాడిరి. వెనుకవరుసవారు సైతము ప్రతిమాటయు వినిరి.