దమ్ము, నీరు, నేల ఆరోగ్యము

ఏరువాక పున్నమి గడచి కాలువలకు నీరు వదలినంతనే గోదావరి, కృష్ణా డెల్టాలలోని గ్రామములందు దమ్ము సందడి ప్రారంభమగును. పూర్వము ఎద్దుల గిట్టల చప్పుడును, తోలువాని అదలింపును వినవచ్చెడివి. ఇప్పుడు ట్రాక్టరు ఇనుపచక్రముల రొద వినవచ్చుచున్నది. నేల యెంత మెత్తగా ముద్దయైన పైరంత బాగుగ నుండునని మనలో పెక్కుమంది నమ్మకము. ఒకరు రెండుమాఱులు దమ్ము చేయించినచో పొరుగువారు మూడుమాఱులు చేయింతురు. ఈ నమ్మకములో కొంత నిజము కలదు. కొంత నష్టమును కలదు. ఆ రెంటిని వేఱుపఱచి సభ్యుల యెదుట నుంచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆఱిన నేలను పారతో త్రవ్వి చేతిలోనికి తీసికొని చూడుడు. అది చిన్నచిన్న పలుకులుగ విడిపోవును. ఆ పలుకుల నడుమనున్న సందులలో గాలియు నీరును నిలుచును. వేళ్లు ఆ దారులవెంటనే దిగును. దమ్ము చేయుట యనగా నీటిలో ఈ పలుకులను చితుకగొట్టుట. చితికిన సన్నని బంకమట్టి అడుగునకు దిగి సందులను పూడ్చివేయును. అందువలన నీరు క్రిందికి ఇంకుట తగ్గును, కలుపు మొక్కలు బురదలో పూడిపోవును, నాట్లు వేయు స్త్రీల వ్రేళ్లకు నేల సులువుగ లొంగును. ఈ మూడును వరికి మేలే. ఇసుకపాలు హెచ్చుగానున్న గరువునేలలలో దమ్ము లేనిచో పెట్టిన నీరు పూటకు నిలువదు.

అయితే ఈ మేలునకు చెల్లించు వెల యెంత? ముందుగా నీటి లెక్క చూతము. ఒక యెకరము మీద ఒక అంగుళము నీరు నిలిపినచో అది 1 లక్ష లీటర్లకు పైబడిన నీరు. నేల నానుటకును, దమ్మునకును కలిపి ఎనిమిది అంగుళముల నీరు ఖర్చగుట మన ప్రాంతములలో అరుదుకాదు. అనగా ఒక్క నారు మొక్కయైన నాటకమునుపే యెకరమునకు 8 లక్షల లీటర్ల నీరు వ్యయమైనదన్నమాట. కాలువ తలవైపున నున్నవారు దమ్మునకు నీరు కట్టి పదియేసి దినములు మడి నానబెట్టి కూర్చుండగా, శివారు భూములవారు ఆకుమడి ముదిరిపోవుచుండ ఆకాశమువంక చూచుచుందురు. ముదురునారు నాటిన చేనిలో పిలకలు తగ్గునని ప్రతి రైతునకు తెలిసినదే. కావున ఒకరు అనవసరముగ చేసిన మూడవ దమ్ము వేఱొకరి ధాన్యపు కుప్పలో తరుగై తేలుచున్నది.

ఇక నీరు నిలిచిన తరువాత నేలలో జరుగు మార్పులు మిక్కిలి విచిత్రములు. నీటి క్రింద నున్న మట్టిలోని ప్రాణవాయువును సూక్ష్మజీవులు ఒకటి రెండు దినములలోనే వాడివేయును. ఆ పిదప అవి నైట్రేటులోని ప్రాణవాయువును, అటుపై ఇనుపతుప్పులోని దానిని, చివరకు గంధకపు లవణములలోని దానిని లాగుకొనును. ఎఱ్ఱగానో గోధుమవన్నెగానో యున్న మట్టి నీలిబూడిద వన్నెకు తిరుగుటకు కారణమిదే. పైన మాత్రము, నీటిని తాకుచుండు పలుచని పొర యొకటి గోధుమవన్నెగానే నిలిచియుండును. కాలు పెట్టగనే పైకి వచ్చు బుడగలలో మీథేను వాయువు కలదు. అది భూమికి వేడిమి పెంచు వాయువులలో నొకటి.

ఇదంతయు కీడేయని తలంపరాదు. నీరు నిలిచిన నేలలో పులుపును క్షారమును రెండును తగ్గి సమస్థితికి వచ్చును. ఇనుముతో బంధింపబడిన భాస్వరము కొంత విడివడి పైరునకు అందును. నీటిమీద తేలు నీలాకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చునని ఢాకాలో పరిశోధించిన పి. కె. డే గారు 1939లో ప్రకటించిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన నాటినుండి ఒకే మడిలో తరతరములుగ వరి పండుచున్నను నేల పూర్తిగ చచ్చిపోకుండుటకు ఈ నీటిమఱుగు వ్యాపారమే చాలవఱకు కారణము. అన్ని యేండ్లు వరుసగ అదే మెట్టపైరు వేసినచో సాధారణముగ నేల ఇట్లు ఓర్చుకొనజాలదు.

అయినను ఓర్పునకు హద్దు కలదు. నత్రజని సంగతి చూడుడు. నిలిచిన నీటిమీద యూరియా చల్లినచో అందులో కొంతభాగము అమోనియా వాయువై గాలిలో కలిసిపోవును. మఱికొంత పైనున్న పలుచని పొరలో నైట్రేటుగ మాఱి, క్రిందనున్న నీలిబురదలోనికి జాఱి, అచ్చట నత్రజని వాయువై యెగిరిపోవును. అనగా సంచి విప్పి గాలికి చల్లినట్లే. అందుచే మడిలోని నీరు తీసివేసి బురదపదనున యూరియా చల్లి, ఒకటిన్నర, రెండు దినముల పిదప నీరు పెట్టుట మేలు. 2015 నుండి వేపనూనె పూసిన యూరియాయే అమ్మకమునకు వచ్చుచున్నది. అది నష్టమును తగ్గించునే కాని నీటిమీద చల్లువానిని రక్షింపజాలదు.

జింకు సంగతి మఱియొకటి. సంవత్సరమంతయు నీటిలో నానిన నేలలో జింకు పైరునకు చిక్కని రూపమున దాగిపోవును. నాటిన రెండు నాల్గు వారములలో ఆకులమీద తుప్పువన్నె మచ్చలు పుట్టి, పైరు గిడసబారి, గుంపులు గుంపులుగ వెనుకబడును. ఇది తెగులని చాలకాలము భ్రమపడిరి. 1966లో పంత్‌నగరు విశ్వవిద్యాలయమున నేనే గారు ఇది జింకు లోపమని నిరూపించిరి. దాళ్వాలో ఈ లోపము హెచ్చుగ కనబడును. మూడు పంటల కొకమాఱు ఆఖరుదమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవచ్చును. భాస్వరపు ఎరువుతో మాత్రము కలిపి వేయరాదు. పైరు మీద లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కరిగించి పిచికారి చేయవలెను. ఇట్టి మచ్చలు చూచి పురుగుమందు కొనిపోవువారిని మేము నేటికిని చూచుచున్నాము!

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. గత ఫాల్గుణమాసమున ఒక సభ్యుని చేనిలో మినుము దిగుబడి పడిపోయినదని పిలువగా పోయి చూచితిమి. మొక్కలు జానెడెత్తున నిలిచి వాడుచున్నవి. నేలలో తడి లేదా యనిన కలదు. పారతో మూరెడు గొయ్యి త్రవ్వితిమి. పైనుండి ఆఱేడు అంగుళముల వఱకు మట్టి బాగుగనే యున్నది. దాని క్రింద పార ఖణేలుమనెను. పలకవలె గట్టిపడిన పొర యొకటి అడ్డముగ పఱచుకొనియుండెను. మినుము తల్లివేరు ఆ పలకను తాకి, దారి దొరకక, పాము మళ్లినట్లు ప్రక్కకు మళ్లినది. పలక క్రింద చేతికి చెమ్మ తగులుచునేయున్నది. నీరు జానెడు లోతున నుండగా మొక్క దప్పిచే ఎండుచున్నది!

ఈ పలక దమ్ము చేసినదే. ఏటేట ఒకే లోతున నాగలియు చక్రములును తిరుగుటచేత, పైన ముద్దయైన మట్టికి క్రింద ఆఱు మొదలు పది అంగుళముల లోతున ఇట్టి గట్టిపొర పుట్టును. ఎద్దుల కాలములో ఇది లేదని కొందఱందురు. అది సరికాదు. ఎద్దు గిట్టలును దానిని కట్టినవే. అయితే అంత గట్టిగ కట్టలేదు. తడియారక మునుపే దిగిన కోతయంత్రము బరువు దానికి తోడగుచున్నది. వరికి ఈ పొర మిత్రము, ఏలయన నీటిని నిలుపును. వరి కోతకు రెండు మూడు దినముల ముందు చేలో చల్లి, దుక్కియే లేక, మిగిలిన తడిమీద పెరుగవలసిన మినుము పెసరలకు ఇది శత్రువు. సార్వా ధాన్యము అప్పులకు సరిపోగా, చేతికి మిగులు రొక్కము మినుముదే యని లెక్కించు కుటుంబములు మనలో నెన్నియో కలవు. వారికి ఈ పొర చిన్న సంగతి కాదు.

అట్లయిన పొరను పగులగొట్టవలెనా? అన్ని చోట్లను కాదని మా యభిప్రాయము. తేలికనేలలో దానిని పగులగొట్టినచో మఱుసటి సార్వాలో నీరు నిలువక రైతు చిక్కులబడును. నల్లరేగడి నేలకు దైవమే ఒక యుపాయమిచ్చినది. వేసవిలో పూర్తిగ ఎండనిచ్చినచో అది లోతుగ నెఱ్ఱెలు విచ్చి, మరల తడిసి ఉబ్బి, తనంత తానే పలుకులు కట్టుకొనును. దాళ్వా వెనుక దాళ్వా వేసి, నేలకు ఎండ తగులనీయని చోట ఈ వైద్యము జరుగదు. బంకనేలలో ఒక హద్దు దాటిన తరువాత దమ్ము పెంచిన కొలది దిగుబడి పెరుగదని పరిశోధనలు తెలుపుచున్నవి. కావున రేగడి మాగాణులలో రెండవ దమ్ముతో నాపి బల్ల తోలి చదును చేసికొనుట చాలును. మూడవదానికి పెట్టు డీజెలు ఖర్చు కోరి తెచ్చుకొను నష్టము. (ఇనుపచక్రములు తీయకయే తారురోడ్డుమీద ట్రాక్టరు నడుపువారి గుఱించి వేఱుగ వ్రాయవలసియున్నది.) వరి తరువాత నేల దున్నకుండ గింజ నాటుట మనకు క్రొత్తయు కాదు. పల్లాకు తెగులు, బంగారుతీగ బాధలచే మినుము విడిచిన గుంటూరు, కృష్ణా ప్రాంతపు రైతులు పెక్కుమంది వరికొయ్యలలోనే మొక్కజొన్న నాటి పండించుచున్నారు.

ఎడతెగని తడి యేమిచేయునో చూపిన పరీక్ష యొకటి ఫిలిప్పైన్సు దేశమున లాస్ బాన్యోసులో కలదు. అచ్చటి అంతర్జాతీయ వరి పరిశోధనాలయమువారు 1960ల నుండి ఒకే పొలములో ఏటికి మూడు వరిపంటలు పండించుచు వచ్చిరి. కొన్ని దశాబ్దములకు దిగుబడి క్రమముగ దిగజాఱెను. మట్టిలోని సేంద్రియ పదార్థము తగ్గలేదు. కాని ఎల్లప్పుడు నీటిలో నుండుటచే దానిలోని నత్రజని పైరునకు విడివడుట తగ్గినదని తేలెను. 1990 తరువాత పంటల నడుమ నేలను ఆఱనిచ్చి, నత్రజనిని పైరు అవసరమును బట్టి వేయగా దిగుబడి మరల కోలుకొనెను. దాళ్వా వేయువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఆఱుతడి పద్ధతి ఇందుకు బాగుగ అక్కఱకు వచ్చును. నాటిన రెండు వారముల వఱకు పలుచగ నీరు నిలుపవలెను. పిదప ఒక అడుగు పొడవుగల గొట్టమునకు బెజ్జములు పెట్టి మడిలో పాతి, లోపలి మట్టి తీసివేయవలెను. గొట్టములోని నీరు నేలమట్టమునకు ఆఱంగుళములు దిగినపుడు మరల రెండంగుళముల నీరు పెట్టవలెను. చిరుపొట్ట నుండి పూత ముగియువఱకు మాత్రము ఎండనీయరాదు. ఇట్లు చేసినచో దిగుబడి తగ్గకయే నీటిలో నాల్గవవంతు వఱకు ఆదాయగుట పెక్కుచోట్ల కనబడినది. మీథేను సుమారు సగము తగ్గును. అయితే రేగడిలో వెంట్రుకవాసి బీటలు కనబడగనే నీరు పెట్టవలెను. చేయిదూఱు నెఱ్ఱెలు విచ్చినచో ఆదాచేసిన నీటికి రెట్టింపు వాటిలో దిగిపోవును.

సముద్రతీరపు చౌడుభూములలో ఈ పద్ధతి పనికిరాదు. అచ్చట మడి ఎండినచో క్రిందనున్న ఉప్పు చెమ్మతోబాటు పైకెక్కి తెల్లగ పూయును. ఆ నేలలకు మంచినీరు పెట్టి, ఉప్పు కరిగిన నీటిని మురుగునకు వదలుటయే మందు. ఆ మురుగు పోవుటకు దారి యుండవలెను గదా! కాలువ నీటికై కలహించు మనము మురుగుకాలువ పూడికనుగూర్చి ఒక్కనాడైన ఒక్కచోట కూర్చుండము. తలవైపు వారి మురుగు శివారువాని చేలో నిలిచినచో వాని పైరు వేళ్లు నల్లబడి కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టును. గంధకపు విషవాయువు పుట్టినదనుటకు అదియే గుర్తు. 1997 నాటి శాసనముచే నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి. మన సంఘ సభ్యులలో పెక్కుమంది వానిలోను సభ్యులే. గుఱ్ఱపుడెక్క తీయించు పని కాలువలు కట్టివేసిన వేసవిలోనే జరుగవలెను గాని నీరు వదలిన తరువాత కాదు.

దాళ్వా కోతలకును ఏరువాకకును నడుమ తొలకరి పడినచో ఎకరమునకు పది పండ్రెండు కిలోల జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నినవారి మట్టి మరల పలుకు కట్టుచున్నది. అయితే కలియదున్నిన మఱునాడే నాటరాదు. పచ్చిరొట్ట క్రుళ్లునపుడు పుట్టు పులుపులును వాయువులును లేతవేళ్లను మాడ్చును. పది పదునైదు దినములు మాగనీయవలెను.

వచ్చు సార్వా కోతయైన వారమున, నేల పదునుగ నున్నపుడు, ప్రతి సభ్యుడును తన చేలో మూడుచోట్ల మూరెడు గోతులు త్రవ్వి చూడగోరుచున్నాము: గట్టిపొర ఎన్ని అంగుళములకు తగిలినది, ఎంత మందము, వేళ్లు దానిని దాటినవా, మట్టి ఏ వన్నె, ఏ వాసన. ఈ యైదు సంగతులును, ఎన్ని దమ్ములు చేసినదియు ఒక కాగితముమీద వ్రాసి సంఘము కార్యదర్శికి ఇచ్చినచో, ఏ బోదె క్రింద ఏ నేల యెట్లున్నదో చూచి, దమ్ము ట్రాక్టర్ల యజమానులతో వచ్చు ఏరువాకకు ముందుగనే మాటలాడవచ్చును.