ఫొటోలు చూపడానికి ఏ ప్రొజెక్టర్? ముందు పిక్సెళ్ల లెక్క చూడండి

6,000 × 4,000. ఇవాళ చాలా కెమెరాలు తీసే ఫొటో కొలత ఇది. అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. అదే ఫొటోను ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌తో తెరమీద వేస్తే మిగిలేవి 17.5 లక్షలు, నూటికి ఏడు పాళ్లు.

ఎందుకింత తగ్గుతుంది?

ఫుల్ హెచ్‌డీ చట్రం 1,920 × 1,080. ఈ 16:9 ఆకారం టీవీకి తగినది. ఫొటో ఆకారం 3:2 కాబట్టి 1,620 × 1,080కి కుదించుకుని, రెండు పక్కలా నల్లపట్టీలు వదులుతుంది. నిలువు ఫొటోకు మరీ అన్యాయం జరుగుతుంది: 720 × 1,080, అంటే 7.8 లక్షల పిక్సెళ్లే. ప్రొజెక్టర్ శక్తిలో 37.5 శాతమే పనికొస్తుంది.

స్లైడ్ బలం, బలహీనత

పాత ఫిల్ము స్లైడ్ ప్రొజెక్టర్‌లో ఈ నష్టం లేదు. 24 × 36 మిల్లీమీటర్ల ఫిల్ము 50 మిల్లీమీటర్ల చదరపు చట్రంలో ఉంటుంది. నిలువుగా పెట్టినా, అడ్డంగా పెట్టినా దాదాపు ఫిల్మంతా తెరమీద పడుతుంది. అదే ఫిల్మును అంగుళానికి 4,000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 2.1 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. అందులో కొంత ఫిల్ము రేణువులదే అయినా, మంచి స్లైడ్‌లో ఉండే వివరం ఫుల్ హెచ్‌డీ చూపగలిగినదాన్ని మించిపోతుంది.

అయితే ఆ వైభవానికి మూల్యం ఉంది. కొడాక్ కెరౌసెల్ స్లైడ్ ప్రొజెక్టర్ ట్రేలో సాధారణంగా 80 స్లైడ్లే పడతాయి. ఆ ప్రొజెక్టర్లలో విరివిగా వాడిన 300 వాట్ల బల్బు ఆయుష్షు 35 గంటలు. చూపిన ప్రతిసారీ ఆ వెలుగుకు స్లైడ్ రంగు కొంత వెలిసిపోతుంది. కొడాక్ 2004లో స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ మానేసింది. డిజిటల్‌లో ఎల్‌ఈడీ, లేజర్ దీపాలకు కంపెనీలు చెప్పే ఆయుష్షు 20,000 గంటలు. వందసార్లు చూపినా ఫైలు చెక్కుచెదరదు.

కొనేముందు మూడు లెక్కలు

ఆకారం: 16:10 చట్రం (1,920 × 1,200)లో నిలువు ఫొటోకు 9.6 లక్షల పిక్సెళ్లు దక్కుతాయి. 16:9 కన్నా 23 శాతం ఎక్కువ.

దూరం: రెండు మీటర్ల వెడల్పు తెరమీద ఫుల్ హెచ్‌డీ పిక్సెల్ ఒక మిల్లీమీటర్ ఉంటుంది. మంచి చూపున్నవారికి మూడున్నర మీటర్ల లోపు నుంచి అది విడిగా తెలుస్తుంది. ఇంకా సన్నని పిక్సెళ్లుండే 4కే అయితే రెండు మీటర్ల దూరంలోనే కలిసిపోతుంది. ఇంటి గదికి 4కే అవసరం. పెద్ద హాలులో వెనక వరుసలకు ఫుల్ హెచ్‌డీ చాలు.

అసలు కొలత: పెట్టె మీద ‘4కే సపోర్ట్’ అని ఉంటే 4కే సిగ్నల్‌ను తీసుకుంటుందనే అర్థం. నేటివ్ రిజల్యూషన్ (ప్రొజెక్టర్ నిజంగా చూపే పిక్సెళ్ల సంఖ్య) ఎంతో అడిగి తెలుసుకోండి.

చూపడానికి డిజిటల్‌దే సరైన దారి. కానీ స్కాన్ అయిపోయాయని ఇంట్లో స్లైడ్లను పారేయకండి. ఫుల్ హెచ్‌డీ తెర చూపలేని వివరం వాటిలో ఉంది. రేపటి ప్రొజెక్టర్ కోసం మళ్లీ స్కాన్ చేయాలంటే ఆ ఫిల్మే ఆధారం. చల్లగా, పొడిగా, చీకటిగా ఉండేచోట దాచండి.