తీగకు తొడుగే ప్రాణం

పిల్లలూ! వాకిట్లో దీపం వెలుగుతుంటే ఇల్లు ఎంత కళగా ఉంటుంది! ఆ దీపానికి కరెంటు మోసుకువచ్చే తీగను ఎప్పుడైనా తేరిపార చూశారా? లోపల రాగి, పైన తొడుగు. వెలుగునిచ్చేది రాగి. మన ప్రాణం కాపాడేది తొడుగు. బయటి దీపానికి తీగ కొనేటప్పుడు చాలామంది రాగి సంగతే అడుగుతారు. నిజానికి తొడుగు సంగతి ముందు అడగాలి. ఎందుకో చూద్దాం.

తిరుపతికీ శ్రీకాళహస్తికీ నడుమ ఏర్పేడు అనే ఊరున్నది. అక్కడ ఒక ఇంటి బయటిగోడకు తీగ కట్టారనుకోండి. మే నెలలో ఎండ నిప్పులు చెరుగుతుంది. ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి తగిలిన కొద్దీ ప్లాస్టిక్ తొడుగు పెళుసెక్కి, కొన్నేళ్ళకు నెర్రెలు విచ్చుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు. ఎండ చేసిన నెర్రెలోకి వాననీరు దిగుతుంది. ఇక ఎలుకలూ, ఉడుతలూ సరేసరి! వాటి ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి గనక, అరగదీసుకోవటానికి ఏదో ఒకటి కొరుకుతాయి. తీగ దొరికితే తీగనే!

"చిన్న దీపమే గదా, భయమెందుకు?" అంటారా? అయితే ఒక లెక్క చెయ్యండి. దీపం 10 వాట్లది, ఇంటి కరెంటు 230 వోల్టులు. భాగిస్తే వచ్చేది 0.043 ఆంపియరు, అంటే 43 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు కాసేపు పారితే చాలు, ఊపిరి కండరాలు బిగుసుకుపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఒళ్ళు తడిసి ఉంటే కరెంటుకు దారి మరీ సులువు. దీపం చిన్నదైనా తీగలోని 230 వోల్టులు చిన్నవి కావు!

మరి ఎలాంటి తీగ కొనాలి? రెండు మూడు దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ ధారాళంగా సరిపోతుంది. ఐ.యస్.ఐ. గుర్తు ఉండాలి. లోపలి తీగలన్నిటినీ కలిపి కప్పే మందపాటి పైతొడుగు ఉండాలి. అది నల్లనిదైతే మేలు. అందులో కలిపిన మసిపొడి అతినీలలోహిత కిరణాలను తానే పీల్చుకుని తొడుగును కాపాడుతుంది. లోపల మూడు తీగలుండాలి: ఎరుపు, నలుపు దీపానికి, ఆకుపచ్చది ఎర్తుకు. పండుగ తోరణాలకు వాడే సన్నని మెలితీగ ఏడాది పొడుగునా ఎండావానల్లో నిలవదు.

మంచి తీగకు కూడా రక్షణ కావాలి. గోడ మీద పోయే తీగను గొట్టంలో నడపాలి. దీపంలోకి ఎక్కే చోట తీగను కాస్త కిందికి వేలాడనిచ్చి పైకి తిప్పితే, వాన చుక్కలు లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. అతుకులు నీరు చొరని పెట్టెలో ఉండాలి. టేపు చుట్టి వదిలేస్తే ఎండకు దాని జిగురు ఊడిపోతుంది. నేలలో వెయ్యాలంటే ఉక్కుకవచం ఉన్న కేబులు తేవాలి. సుమారు 75 సెంటీమీటర్ల లోతున ఇసుక పరచి కేబులు వేసి, మళ్ళీ ఇసుక పోసి, పైన ఇటుకలు పేర్చాలి. రేపు ఎవరైనా అక్కడ తవ్వితే, గడ్డపార ముందు ఇటుకకే తగులుతుంది.

ఇన్ని చేసినా తొడుగు ఎక్కడో చెడిందనుకుందాం. 6 ఆంపియర్ల ఫ్యూజు మనల్ని కాపాడుతుందా? కాపాడదు! 6 ఆంపియర్లంటే 6000 మిల్లీ ఆంపియర్లు. మన ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు దాని కంటికి ఆననే ఆనదు. అందుకే ఆర్.సి.సి.బి. అనే పరికరం పెట్టించాలి. ఎంత కరెంటు పోయిందో, అంతా తిరిగి వచ్చిందో లేదో అది ఎల్లప్పుడూ లెక్క చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది.

ఈ పనులు పెద్దలు ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి. మీరు చెయ్యగల పని కూడా ఒకటున్నది. మీ ఇంటి బయటి తీగను దూరం నుంచి చూడండి. తొడుగు చిట్లిందా? టేపు ఊడిందా? బట్టల దండెం తీగకు రాసుకుంటున్నదా? కనిపిస్తే తాకవద్దు, వెంటనే పెద్దలకు చెప్పండి. ఎవరికైనా షాకు కొడితే వాళ్ళనూ తాకవద్దు. ముందు మెయిన్ ఆపించండి. వీధిలో తీగ తెగిపడితే దగ్గరికి పోకుండా పెద్దల చేత 1912కు ఫోను చేయించండి.

వానకాలం రాకముందే చూస్తారు కదూ?