చల్లబడితేనే ముప్పు

బరంపురం వేసవిలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధపెడుతుంది. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి గాలిలో తేమ తగ్గదు. అందుకే గేట్ బజార్‌లాంటి ఇరుకు వీధుల్లో గినీ పిగ్‌ను పెంచుకునేవాళ్లకు మొదటి భయం వేడి. అది న్యాయమైన భయమే. దాని పూర్వీకులది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండసీమ. దానికి చెమట పట్టదు, కుక్కలా వగర్చి ఒంటి వేడిని దించుకోవడమూ సరిగా చేతకాదు. గది 28 డిగ్రీలు దాటి ఉక్కగా ఉంటే వడదెబ్బ తగలొచ్చు. అయితే జబ్బుపడిన గినీ పిగ్ ఒళ్లు కాలుతోందంటే కంగారుపడేవాళ్లు, చల్లగా ఉందంటే నిమ్మళిస్తారు. పశువైద్యులు ఎక్కువగా జంకేది ఆ చల్లదనానికే.

ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్ ఒంటి వేడి సుమారు 37.2 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్, అంటే 99 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్. ఈ వేడి ఎక్కడిదో మొదట లెక్కగట్టి చూపింది కూడా గినీ పిగ్‌తోనే. ఫ్రెంచి శాస్త్రవేత్తలు లవోసియే, లాప్లాస్ దాన్ని మంచు నింపిన పాత్ర మధ్య ఉంచి, కరిగిన మంచును తూచారు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును, బొగ్గు మండితే వచ్చేదానితో పోల్చారు. ఊపిరి కూడా ఒకరకమైన నెమ్మది మంటేనని 1783లో ప్రకటించారు.

మంటకు కట్టెలాగ ఒంటి వేడికి మేత కావాలి. గినీ పిగ్ రోజంతా గడ్డి నములుతూనే ఉంటుంది. పేగులోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెడతాయి. పంటి నొప్పి వల్లో, ఊపిరితిత్తుల జబ్బు వల్లో మేత మానేస్తే పేగు కదలిక మందగిస్తుంది, వేడి పుట్టడమూ తగ్గుతుంది. చిన్న ప్రాణికి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, కాబట్టి ఉన్న వేడి త్వరగా జారిపోతుంది. ఒళ్లు చల్లబడితే గుండె వేగం, రక్తపోటు పడిపోతాయి, పేగు ఇంకా మందగిస్తుంది, మేత మీద ఆశ పూర్తిగా పోతుంది. ఒకదాన్నొకటి లాగే ఈ చక్రం ఎంత తొందరగా ఆగితే అంత మేలు.

ఆసుపత్రికి వచ్చిన 300కు పైగా పెంపుడు కుందేళ్ల వివరాలతో 2016లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. చేరిన వేళ ఒంటి వేడి తక్కువగా ఉన్నవాటికి చావు ముప్పు మిగతావాటికంటే దాదాపు మూడింతలు. ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ ఆ ప్రమాదం పెరిగింది. గినీ పిగ్ జీర్ణవ్యవస్థ కూడా ఆ తరహాదే కనుక, వైద్యులు దాని విషయంలోనూ థర్మామీటర్ అంకెను తేలిగ్గా తీసుకోరు.

ఇది వేటజంతువులకు ఆహారమయ్యే ప్రాణి, నీరసాన్ని చివరిదాకా దాచుకుంటుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా మేతనూ పెంటికలనూ రోజూ గమనించాలి. పూట గడిచినా తినకపోతే అది అత్యవసరమే. చెవులు, పాదాలు చల్లగా తగిలితే ఫ్యాను, ఏసీ ఆపి, గోరువెచ్చని నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి ఒక పక్కన పెట్టాలి. వేడి ఎక్కువైతే జరిగే చోటు వదలాలి. సలసల కాగే నీళ్లు, హీటరు ముందు పెట్టడం వద్దు, చర్మం కాలుతుంది. బాగా చల్లబడిన ప్రాణికి సిరంజితో బలవంతాన తినిపించకూడదు. మింగలేక మేత ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముందు వెచ్చదనం, ఆ తర్వాతే మేత.

మందుల షాపులో మనుషుల ఆమాక్సిసిలిన్ కొని వేయడం మరో పెద్ద పొరపాటు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించే బాక్టీరియాకు దారిస్తాయి. కోలుకునే రోజుల్లో విటమిన్ సి కూడా చూసుకోవాలి. మనలాగే గినీ పిగ్ దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు పెంటికలు వేసిందో రాసుకుని వెళ్లండి. చికిత్సను మొదలుపెట్టడానికి వైద్యుడికి ముందు కావలసింది ఆ సమాచారం, ఒంటి వేడి.